ఇరవై ఆరున్నర అంగుళాల విధానం

బాణాలు వంగుతాయన్న సంగతి మా శాఖకు తనిఖీవాళ్ళ వల్ల తెలిసింది. అంతకుముందు అరవై ఏళ్ళుగా అవి ఎవరికీ చెప్పకుండా వంగుతూ వచ్చాయి.

నేను నీలమ్మవలస విలువిద్యా శిక్షణ కేంద్రంలో స్టోరు గుమాస్తాను. పేరు సన్యాసిరావు. ఇరవై రెండేళ్ళుగా తాళంచెవుల గుత్తి మోస్తున్నాను గానీ ఒక్కనాడూ విల్లు ఎత్తి ఎరగను. ఆ మాటకొస్తే మా కేంద్రంలో నిర్ణయాలు తీసుకునే పెద్దలెవరూ విల్లు ఎత్తి ఎరగరు. నిర్ణయాలకి అదెప్పుడూ అడ్డు రాలేదు.

తనిఖీకి వచ్చినాయన రెండు రోజులు మా స్టోరులో కూర్చుని బాణాలు తిప్పి తిప్పి చూశాడు. మూడో రోజున ఆయనకో ఘోరం కనిపించింది. మా దగ్గర అరవై నలుగురు పిల్లలు నేర్చుకుంటున్నారు. ఏ ఇద్దరి బాణాలూ ఒక్కలా లేవు. ఒకరివి ఇరవై ఐదు అంగుళాలు, ఒకరివి ఇరవై తొమ్మిదిన్నర. పైగా కొన్ని గట్టివి, కొన్ని నొక్కితే వంగేవి. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు మనిషికో కొలత బంతి అడుగుతున్నారా, మరి వీళ్ళకెందుకు మనిషికో కొలత బాణం అని ఆయన నివేదికలో రాశాడు. నిజమే, అడగరు. నేను వెంటనే ఒప్పేసుకున్నాను. తనిఖీవాళ్ళు చెప్పింది ఒప్పుకోవడం నా ఉద్యోగంలో భాగం.

ఆ నివేదిక ఉపసంచాలకులు చిదంబరరావు గారి బల్ల మీదికి చేరింది. చిదంబరరావు గారు మా కేంద్రానికి వచ్చి ఏడాదైంది. అంతకుముందు మత్స్యశాఖలో వలల కన్నాలన్నీ ఒకే సైజులో ఉండాలని ఉత్తర్వు ఇచ్చి పేరు తెచ్చుకున్నారు. ఆయన సమావేశం పెట్టి, ఇకమీదట కేంద్రమంతటికీ ఒకే బాణం అని ప్రకటించారు.

మా శిక్షకుడు త్రినాథరావు లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు ఆ మైదానంలో ఎండి నల్లబడ్డ మనిషి. తనకి తెలిసింది తన భాషలో చెప్పాడు.

"సెయ్యి పొడుగున్నోలు తాడు ఎక్కువ లాగుతారు సార్. ఆలకి పొడుగు బాణం కావాల. కురసదిస్తే మొన విల్లు దాటి లోపలికొచ్చీసి సేతిలో దిగిపోద్ది. ఇంకోటేటంటే, తాడు వొదిలీగానే బాణం తిన్నగా ఎల్లదు. సేపలాగ ఒంగి, విల్లు పక్కనుంచి తప్పుకుని, అప్పుడు తిన్నగా ఎల్తాది. విల్లు బలాన్నిబట్టి ఆ ఒంపు ఉండాల. ఒంగని బాణమైతే ఎడం పక్కకి కొట్టుకుపోద్ది సార్."

చిదంబరరావు గారు కళ్ళు మూసుకుని అంతా విన్నారు. ఆయనకి భక్తి ఎక్కువ.

"త్రినాథరావు గారూ, రాముడిది ఒకే మాట, ఒకే బాణం. ఆయన కొలతల పట్టిక అడిగినట్లు ఎక్కడా ఆధారం లేదు."

"ఆ బాణం ఏసింది కూడా ఒక్క రాముడే గద సార్," అన్నాడు త్రినాథరావు. ఈ మాట సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కలేదు.

ఇక ఆ ఒక్క బాణం ఎంత పొడుగుండాలన్నది తేలాలి. రెండు చేతులూ బారచాపి, ఈ కొసనుంచి ఆ కొసకి కొలిచి, దాన్ని రెండున్నరతో భాగిస్తే ఆ మనిషి తాడు ఎంత దూరం లాగుతాడో వస్తుందట. పిల్లల్ని కొలుద్దామంటే వాళ్ళు మైదానంలో ఉన్నారు. మైదానంలో ఎండ ఉంది. చిదంబరరావు గారు మాత్రం గదిలోనే, ఫ్యాను కింద ఉన్నారు. అందుచేత 'కొలతకు అందుబాటులో ఉన్న అధికారి' హోదాలో ఆయన్నే కొలవాలని తీర్మానం అయింది. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. ఆయన ఊపిరి బిగబట్టి, గరుత్మంతుడిలా చేతులు చాచారు. అరవై ఐదు అంగుళాలు వచ్చింది. భాగిస్తే ఇరవై ఆరు. ప్రజాప్రయోజనార్థం ఇంకో అరంగుళం కలిపాం.

గట్టిదనం సంగతి నాణ్యతా సంఘం చూసింది. ఆ పరీక్ష సులువే. బాణాన్ని రెండు మేకుల మీద అడ్డంగా పెట్టి, నడుమ ఒక బరువు వేలాడదీసి, ఎంత వంగిందో చూస్తారు. సంఘం సభ్యులు ముగ్గురూ వంగడం లోపమేనని ఏకగ్రీవంగా తేల్చారు. ప్రభుత్వ వస్తువు ఎవరి ముందూ వంగకూడదని చిదంబరరావు గారు ఆ కాగితం మార్జిన్‌లో రాశారు. ఆ సాయంత్రమే సంచాలకులు వస్తే ఆయన కారు తలుపు తీయడానికి మా సారు నడుం ఎంత వంగిందో నేను చూశాను. కానీ అది బాణాల ఫైలుకు సంబంధించిన విషయం కాదు.

రెండు నెలల్లో కొత్త బాణాలు దిగాయి. ఇనపచువ్వల్లా ఉన్నాయి. వాటితోపాటే ఉత్తర్వు వచ్చింది. పిల్లల దగ్గరున్న పాత బాణాలన్నీ స్టోరుకి అప్పగించాలి, వాటికి నేను 'నిరుపయోగం' అని చీటీ కట్టాలి.

పిల్లలు వరసగా వచ్చి ఇచ్చి వెళ్ళారు. చివర్న తోయక పోలమ్మ వచ్చింది. కొండమీది గూడెం పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయి. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. హాస్టల్లో అటక మీది డబ్బా దించాలంటే స్టూలు వెతకరు, పోలమ్మని పిలుస్తారు. జూనియర్ పోటీలకి ఆమెకి అదే ఆఖరి ఏడాది. మూడు నెలల్లో రాష్ట్ర ఎంపిక పోటీ ఉంది. అందులో నెగ్గితే జాతీయ పోటీలు, లేకపోతే ఇంటికి పోవడమే.

ఆమె బాణాలు ఎనిమిది, ఒక్కోటి ఇరవై తొమ్మిదిన్నర అంగుళాలు. వాటిని త్రినాథరావు రెండు నెలలు కూర్చుని తయారుచేశాడు. ఈకలు పీకేసిన బాణం ఆమెచేత వేయించి, అది గడ్డిలో ఎటు వాలి గుచ్చుకుందో చూసి, కొస కాస్త కోసి, మళ్ళీ వేయించి, మళ్ళీ చూసి. అలా చేస్తే చివరికి ఈకలున్నదీ లేనిదీ పక్కపక్కనే గుచ్చుకుంటాయి. అప్పుడు ఆ బాణం ఆ విల్లుకీ ఆ చేతికీ కుదిరినట్టు. ఒక్కో బాణానికీ పోలమ్మ ఎర్రదారం చుట్టుకుంది. బల్లమీద ఒక్కొక్కటే పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోలేక తీసుకుంది.

"ఈటిమీద ఏటీ బరువెట్టకండి సారూ. ఒంకర తిరిగిపోతాయి," అంది.

నేను చీటీ కట్టాను. ఏం చేయను, ఉత్తర్వు.

కొత్త బాణంతో మొదటిరోజే ఆమె అలవాటుకొద్దీ తాడు పూర్తిగా లాగింది. మొన విల్లు దాటి లోపలికి జారింది. వదిలేసరికి ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దిగింది. త్రినాథరావు తన తువ్వాలు చుట్టి ఆసుపత్రికి మోసుకుపోయాడు. ఆరు కుట్లు పడ్డాయి.

ప్రమాద నివేదిక పూరించింది నేనే. అందులో 'పరికరంలో లోపం' అని ఒక గడి, 'వ్యక్తిలో లోపం' అని ఒక గడి ఉంటాయి. పరికరాన్ని నాణ్యతా సంఘం ఆమోదించింది కనుక అందులో లోపం ఉండే వీల్లేదు. రెండో గడిలో 'చేయి పొడుగు' అని రాయమన్నారు, రాశాను. రాసిన వేలు ఆ పూటంతా దురద పెట్టింది.

మర్నాడు చిదంబరరావు గారు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. కేంద్రంలో ఎవరూ ఇరవై ఆరు అంగుళాలకి మించి తాడు లాగరాదు, తగ్గించరాదు. తర్వాత జిల్లా వైద్యాధికారిని రప్పించి అందర్నీ కొలిపించారు. పందొమ్మిది మందికి 'అధిక భుజ ధ్రువపత్రం', నలభై మూడు మందికి 'న్యూన భుజ ధ్రువపత్రం' వచ్చాయి. సరిగ్గా సరిపోయినవాళ్ళు ఇద్దరు. వాళ్ళిద్దరూ ఎడమచేతివాటం. ఇకనుంచి న్యూన భుజులు రోజూ పొద్దున్నే ఇనపకడ్డీ పట్టుకుని పది నిమిషాలు వేలాడాలి. అధిక భుజులు మోచెయ్యి మడిచి విల్లు పట్టాలి. దీనికి భుజ సమీకరణ కార్యక్రమం అని పేరు పెట్టారు, గోడమీద రంగుల్లో రాయించారు.

"నా సెయ్యి పొడుగు నాను ఎక్కడ దాసీసుకోను మాస్టారూ?" అని పోలమ్మ త్రినాథరావుని అడిగింది.

ఈలోగా త్రినాథరావు సమావేశంలో చెప్పిన రెండో ముక్క కూడా నిజమైంది. వంగని బాణాలన్నీ ఎడంపక్కకి కొట్టుకుపోయి, గడ్డి లక్ష్యాన్ని వదిలేసి ఖాళీ నేలలో పాతుకోవడం మొదలెట్టాయి. అరవై రెండు మంది పిల్లలు, అందరివీ ఎడంపక్కకే. ఎడమచేతివాటం వాళ్ళిద్దరివీ కుడిపక్కకి పోయాయి. వాళ్ళకి క్రమశిక్షణ లేదని తేల్చి ఈటె విసరడానికి బదిలీ చేశారు.

చిదంబరరావు గారు ఈసారి మైదానానికి స్వయంగా వచ్చారు, గొడుగు కింద. పరిస్థితి చూసి, లక్ష్యాలు తప్పుచోట ఉన్నాయని కనిపెట్టారు. మూడడుగులు ఎడమకి జరిపించారు. పిల్లలు కొత్తచోటికి గురిపెట్టారు, బాణాలు అక్కణ్ణుంచి ఇంకో మూడడుగులు ఎడమకి పోయాయి. మళ్ళీ జరిపించారు. పదిరోజుల్లో లక్ష్యాలు వంటశాల గోడ దాకా వచ్చేశాయి. పప్పు గుండిగ పక్కన బాణం దిగిందని వంటమనిషి పని మానేస్తానన్నాక ఆగాయి.

అప్పుడు నిపుణుల సంఘం కూర్చుంది. వాళ్ళ మేధస్సుకి నేను నిజంగా దండం పెట్టాను. ఒక్కొక్కరికీ రెండు లక్ష్యాలు పెట్టమన్నారు. కుడివైపుది 'గురి లక్ష్యం', ఎడమవైపుది 'తగులు లక్ష్యం'. పిల్లలు గురి లక్ష్యం వైపు చూసి వేస్తారు, బాణం తగులు లక్ష్యానికి తగులుతుంది, మార్కులు దానికి వేస్తారు. వారం తిరక్కుండా మా కేంద్రం సగటు మార్కులు ఎన్నడూ లేనంత పెరిగాయి. ఇరవై ఆరున్నర అంగుళాల విధానాన్ని చూసిపోవడానికి పక్క జిల్లాలనుంచి అధికారులు వచ్చారు. వాళ్ళకి నేనే టీలు మోశాను.

ఒక్కటే చిక్కు. రాష్ట్ర ఎంపిక పోటీ మా మైదానంలో కాదు, వేరే ఊళ్ళో. అక్కడ మనిషికి ఒకే లక్ష్యం ఉంటుంది. రెండోది పెట్టించమని చిదంబరరావు గారు మూడు ఉత్తరాలు రాశారు. నిర్వాహకులు బదులివ్వలేదు. ఆశ్చర్యంతో చేతులు ఆడలేదేమో.

పోటీ పదిరోజులుందనగా త్రినాథరావు స్టోరుకొచ్చాడు. ఆ ఎనిమిది బాణాలూ ఒక్క పూటకి ఇచ్చేయమన్నాడు. ఇవ్వలేనన్నాను. సంతకం లేకుండా ఆ గదిలోంచి చీపురుపుల్ల బయటికి పోయినా నా ఉద్యోగానికి ముప్పు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు పోలమ్మ వచ్చింది. బాణాలు అడగలేదు. పోటీకి వెళ్ళేటప్పుడు అధిక భుజ ధ్రువపత్రం కూడా పట్టుకెళ్ళాలా అని అడగడానికి వచ్చింది. అక్కర్లేదన్నాను. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"అక్కడ లచ్చం ఒక్కటే ఉంటాదంట గద సారూ. నాను ఎటు సూడాల?"

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. ఆ గడిలో 'చేయి పొడుగు' అని రాసింది ఈ చేత్తోనే కదా అనిపించి సిగ్గేసింది. నాకు విల్లు రాదు, నోరు లేదు. వచ్చిందల్లా ఫైలు ఒక్కటే. స్టోర్ల నిబంధనావళి దించి, దుమ్ము దులిపి, మొదటినుంచీ చదవడం మొదలెట్టాను. నాలుగు గంటలకి దొరికింది.

'నిరుపయోగమని నిర్ధారించిన సామగ్రిని తొంభై రోజుల లోపు ధ్వంసం చేయవలెను. ధ్వంసం చేయు పద్ధతిని, వస్తువు స్వభావమును బట్టి, స్టోరు బాధ్యుడు ప్రతిపాదించవలెను.'

బాణం స్వభావమేమిటి? నేను ప్రతిపాదన రాశాను. సదరు ఎనిమిది బాణములను డెబ్బై మీటర్ల దూరమునందలి గట్టి లక్ష్యముపైకి పదేపదే ప్రయోగించి, అరిగి విరిగిపోవునట్లు చేయుట శ్రేయస్కరము. ఈ పనికి శిక్షణార్థి తోయక పోలమ్మను నియమించవచ్చును, ఆమె అధిక భుజము కలిగియుండి విధానమునకు పనికిరానిదైనందున శిక్షణకు నష్టము లేదు. మన లక్ష్యములు పాడవకుండుటకై ఈ కార్యక్రమమును ఇతరుల లక్ష్యములున్నచోట, అనగా రాష్ట్ర ఎంపిక పోటీ స్థలమున, జరుపవచ్చును.

చిదంబరరావు గారు రెండుసార్లు చదివారు. ఇతరుల లక్ష్యాలన్న మాట దగ్గర ఆయన మొహం విప్పారింది. ఇంత ముందుచూపు గల గుమాస్తా మత్స్యశాఖలో కూడా తనకి దొరకలేదంటూ ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు.

బాణాలు మళ్ళీ చేతికొచ్చిన సాయంత్రం పోలమ్మ ఎర్రదారాలు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. మిగిలిన తొమ్మిది రోజులూ 'ధ్వంసానికి సన్నాహం' పేరిట, మైదానం వెనక పాత గడ్డిమోపుకి వేస్తూ గడిపింది.

పోటీకి నేను కూడా వెళ్ళాను, ధ్వంసానికి సాక్షిగా, రిజిస్టరుతో. ఆరేసి బాణాల చొప్పున పన్నెండు విడతలు. మొదటి విడతకి ఆమె నిలబడి తాడు లాగింది. చెంపదాకా, పూర్తిగా, మూడు నెలల తర్వాత మొదటిసారి అంతమందిలో. బొటనవేలి దగ్గర కుట్ల మచ్చ తెల్లగా కనబడింది. పక్కనే నిలబడ్డ త్రినాథరావు కళ్ళు మూసుకున్నాడు. బాణం ఒకసారి చేపలా ఒంగి, సర్దుకుని, తిన్నగా పోయి, లక్ష్యం నడుమనుండే పసుపు మధ్యలో దిగింది. ఆ ఒంపుని నేను జీవితంలో మొదటిసారి కళ్ళారా చూశాను. అంతకాలం లోపమని రాసిపెట్టింది ఆ అందాన్నా అనిపించింది.

ప్రతి విడత తర్వాతా బాణాలు పరిశీలించి, రిజిస్టరులో 'ధ్వంసము కాలేదు' అని రాశాను. అలా పన్నెండుసార్లు. చివరికి ఏడువందల ఇరవైకి ఆరువందల నలభై ఒకటి, పోలమ్మ మొదటిస్థానం. ఆమె వచ్చి ఎనిమిది బాణాలూ నా బల్లమీద పెట్టింది. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఒక చుక్క రిజిస్టరు మీద పడి అక్షరం చెరిగింది. నిబంధన ప్రకారం చెరిగినచోట పొడి సంతకం పెట్టాను.

ఇది ఇరవై ఆరున్నర అంగుళాల విధానం సాధించిన విజయమని చిదంబరరావు గారు విలేకరులకి చెప్పారు. మిగతా మా పిల్లలంతా లక్ష్యానికి ఎడంపక్క నేలను దున్నిన సంగతి ఎవరూ అడగలేదు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి, ధ్వంసం పూర్తయినట్టు ధ్రువపత్రం ఏదని అడిగారు. పూర్తికాలేదని విన్నవించుకున్నాను. ఆయనకి కోపం వచ్చింది.

"డెబ్బై రెండుసార్లు ప్రయత్నించి ఒక్క బాణం కూడా విరగ్గొట్టలేకపోయారా? ఇది విధి నిర్వహణలో అలసత్వం కాదా? ఆ అమ్మాయిని ఇంకా గట్టిగా ప్రయత్నించమనండి."

జాతీయ పోటీల్లో లక్ష్యాలు ఇంకా గట్టిగా ఉంటాయట సార్ అన్నాను. కాగితం ముందే సిద్ధంగా పెట్టుకున్నాను. ఆకుపచ్చ సిరా పడింది.

పోలమ్మ జాతీయ పోటీల్లోంచి కాంస్యపతకంతో దిగింది. రైల్వేస్టేషన్లో ఆమె మెడలో ఒక దండ, చిదంబరరావు గారి మెడలో మూడు దండలు పడ్డాయి. ఇక మా కేంద్రానికి బుద్ధొస్తుందని నేనూ త్రినాథరావూ ఆశపడ్డాం. వారం తిరిగేసరికి బుద్ధి వచ్చింది, సర్క్యులర్ రూపంలో. పతకం తెచ్చిన బాణమే ఉత్తమ బాణమని రుజువైనందున ఇకమీదట కేంద్రమంతటికీ ఇరవై తొమ్మిదిన్నర అంగుళాల బాణమే వాడవలెను. పిల్లలందరికీ పోలమ్మ కొలతలు రావడానికి ఇనపకడ్డీకి వేలాడే సమయం అరగంటకి పెంచడమైనది.

త్రినాథరావు ఆ కాగితం చదివి నా స్టోరులో స్టూలు మీద కూలబడ్డాడు. నేను బీరువా తీసి చూపించాను. పిల్లలు అప్పగించిన పాత బాణాలన్నీ, ఎవరివి వాళ్ళకి పేరు రాసి, ఏ బరువూ పెట్టకుండా, చీటీలతో సహా ఉన్నాయి. అన్నీ నిరుపయోగమే. అన్నీ ధ్వంసం కావలసినవే. ఈటె విసురుతున్న ఇద్దరివి కూడా.

ఇప్పుడు ధ్వంసం రిజిస్టరులో అరవై నాలుగు పేర్లున్నాయి. రోజూ పొద్దున్న ఆరింటికి పిల్లలంతా వచ్చి సంతకం చేసి తమ బాణాలు పట్టుకెళ్ళి, ఎనిమిదిన్నరకి తెచ్చి ఇచ్చేస్తారు. అది చిదంబరరావు గారు ఆఫీసుకి వచ్చే వేళకి చాలా ముందు. తొంభై రోజులకోసారి నేను గడువు పొడిగించమని రాస్తాను. నిన్న ఆయన దగ్గర్నుంచి నాకు మెమో వచ్చింది. పదకొండు నెలలుగా ఒక్క బాణమైనా ధ్వంసం కాకపోవడానికి కారణాలు వారంలోగా తెలుపవలెను, లేనిచో క్రమశిక్షణా చర్యలు తప్పవు.

జవాబు రాస్తున్నాను. కిటికీలోంచి చూస్తే పోలమ్మ, అందరికన్నా చిన్నదైన నూకరత్నం వెనక నిలబడి, దాని మోచెయ్యి సరిచేస్తోంది. నూకరత్నం బాణం ఇరవై ఐదు అంగుళాలు. ఆ పిల్ల తన చెయ్యి ఎంత వస్తే అంత లాగి వదిలింది.

'అయ్యా, శిక్షణార్థులు శక్తివంచన లేకుండా ప్రయత్నించుచున్నారు. అయినను బాణములు పసుపు మధ్యలోనే దిగుచున్నవి, విరుగుట లేదు. దయచేసి ఇంకొక తొంభై రోజులు గడువు ఇప్పించ ప్రార్థన.'